ఇంజను ఆపకపోయినా బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

మా యశ్వంతనగర్‌లో ఇనుప ఖనిజం లారీలు నడిపేవారి పిల్లలు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది.

బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరును ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. దాని పుల్లీ చిన్నది. అందుచేత ఇంజను ఒక చుట్టు తిరిగితే అది రెండు మూడు చుట్లు తిరుగుతుంది. కారు కదలకుండా ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఆల్టర్నేటరు తన పూర్తి కరెంటు ఇవ్వలేదు. హెడ్‌లైట్లు, ఏ.సి. అన్నీ వేస్తే ఆ లోటు బ్యాటరీయే భరించాలి. లోడింగు క్యూలో రాత్రంతా లైట్లు వేసుకుని నిలబడే లారీకీ ఇదే ఇబ్బంది.

మరి 4000 చుట్ల వేగంలో బ్యాటరీ ఉడికిపోదా? వోల్టేజి వేగంతోపాటు అయస్కాంత బలంపైనా ఆధారపడుతుందని ఫారడే సూత్రంలో చదివారు కదా! ఇక్కడి రోటారు విద్యుదయస్కాంతమే. వేగం పెరిగేకొద్దీ రెగ్యులేటరు రోటారు కాయిల్‌కు కరెంటు తగ్గించి, కారులో వోల్టేజిని 14 దగ్గర, 24 వోల్టుల లారీలో 28 దగ్గర నిలుపుతుంది. పరీక్షకు బట్టీపట్టిన సూత్రం బానెట్ కింద పనిచేయడం నాకెప్పుడూ ముచ్చటే.

తల్లిదండ్రులు కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టేముందు ఇంజనును రేజ్ చేయించి, మల్టీమీటరుతో బ్యాటరీ వోల్టేజి కొలిపించండి. కారులో 13 కూడా దాటకపోతే ముందు బెల్టు వదులయిందేమో చూడండి, ఆ తర్వాత ఆల్టర్నేటరును పరీక్ష చేయించండి.