శ్రమకు వెలయా? గెలుపులో వాటాయా?

ఓడినవాడు కోర్టులో ఏడ్చినాడు, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చినాడని మన సామెత. గెలిచినవానిచే సైతము కంట నీరు పెట్టించు ఖర్చులలో న్యాయవాది ఫీజు ముఖ్యమైనది. దీనిని గూర్చిన తగవు ఎంత పాతదో తెలుపు కథ యొకటి గలదు.

ప్రాచీన గ్రీసు దేశమున ప్రొటాగరస్ అను పండితుడు వాదనావిద్య నేర్పెడివాడు. యుయాథ్లస్ అను శిష్యుడు ఫీజులో సగము ముందుగా చెల్లించి, తక్కిన సగము తాను మొదటి వ్యాజ్యము గెలిచిననాడు ఇత్తునని ఒప్పుకొనెను. విద్య ముగిసినది, శిష్యుడు ఏ వ్యాజ్యమును చేపట్టడాయెను. విసిగిన గురువు దావా వేసి, ‘‘నేను గెలిచితినా, తీర్పు ప్రకారము నీవు ఇయ్యవలెను. ఓడితినా, నీవు మొదటి వ్యాజ్యము గెలిచినట్లే గనుక ఒప్పందము ప్రకారము ఇయ్యవలెను’’ అనెను. శిష్యుడు తక్కువవాడా? ‘‘నేను గెలిచితినా, తీర్పు ప్రకారము ఇయ్యనక్కరలేదు. ఓడితినా, ఇంకను ఏ వ్యాజ్యమును గెలువలేదు గనుక ఒప్పందము ప్రకారము ఇయ్యనక్కరలేదు’’ అని బదులు చెప్పెను. ఏమియు తోచక న్యాయాధిపతులు విచారణను దీర్ఘకాలము వాయిదా వేసిరని రోమను రచయిత అవులస్ గెల్లియస్ వ్రాసినాడు.

ఫీజును గెలుపుతో ముడిపెట్టుటయే ఈ చిక్కునకు మూలము. అమెరికాలో గాయపడినవారి పరిహార దావాలలో వచ్చిన సొమ్మున న్యాయవాదికి వాటా చెల్లును. మన దేశమున చెల్లదు. భారత బార్ కౌన్సిల్ నియమములు దానిని నిషేధించినవి.

ఆ నిషేధ మెందులకో 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి తెలుపును. ప్రమాదములో భర్తను కోల్పోయిన తెలంగాణ స్త్రీ యొకతె పరిహారమునకై వ్యాజ్యమాడినది. అప్పటికే పది లక్షల రూపాయలు చెల్లించినను, తనవద్ద సొమ్ము లేదన్నను, 2014లో న్యాయవాది మరి మూడు లక్షలకు చెక్కు వ్రాయించుకొనెనని ఆమె చెప్పినది. చెక్కు చెల్లలేదు, ఆమె క్రిమినల్ కేసులో ముద్దాయి అయినది. వచ్చిన సొమ్ములో ఇంత శాతమని ఫీజు అడుగుట ప్రజాహితమునకు విరుద్ధమని చెప్పి, సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసెను.

న్యాయవాదికిని కష్టము లేకపోలేదు. తీర్పునకు ముందు దేవుడని మ్రొక్కినవాడే తీర్పు రాగానే ముఖము చాటువేయును. అట్టివానిపై ఫీజు కొరకు దావా వేయు హక్కును 1926 నాటి చట్టము న్యాయవాదికి ఇచ్చినది. అయినను కక్షిదారు కాగితములను పట్టి ఉంచుట తగదు. ఒక సహకార బ్యాంకు దస్త్రములను, 97,100 రూపాయల ఫీజు బాకీ తీర్చినగాని ఇయ్యనని న్యాయవాది యొకరు పట్టుబట్టగా, అట్టి హక్కు లేదని 2000లో సుప్రీంకోర్టు తేల్చెను. దస్త్రములు లేనిదే వేరొక న్యాయవాది వాదింపజాలడు. ఫీజు తగవు తీరులోపల అసలు వ్యాజ్యమే చెడును.

వకాలతునామాపై సంతకము చేయునాడు కక్షిదారు మనసంతయు వ్యాజ్యముమీదనే యుండును. ఫీజు మాట అడుగ మొగమాటపడును. ఆ మొగమాటమే తరువాత పగయగును. ఏ పనికి ఎంత, కోర్టు రుసుము అందులో చేరునా, అప్పీలు చేసినచో మరల ఎంత అనునవి ఆనాడే కాగితముమీద పెట్టి, ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు పుచ్చుకొనుట ఉభయులకును మేలు. పరుల ఒప్పందములను గూర్చి వాదించువాడు తన ఒప్పందమును నోటిమాటగా విడుచుట తగునా?