మీకు తెలుసా? గుత్తిలో దొరికిన నీలి సాలీడు

ఒక సాలీడును శాస్త్రానికి కొత్త జాతిగా ప్రకటించాలంటే, దాని కళ్ల అమరికను, కాళ్ల మీది ముళ్లను, ముఖ్యంగా జాతికొక తీరుగా ఉండే జననాంగాలను తెలిసిన జాతులతో పోల్చి, ఆ వర్ణనను ప్రచురించి, తరువాతి పోలికలన్నింటికీ ప్రమాణంగా నిలిచే ‘మూల నమూనా’ను సంగ్రహాలయంలో భద్రపరచాలి.

అనంతపురం జిల్లా గుత్తిలోని రైల్వే కలప నిల్వల వద్ద దొరికిన నీలి సాలీడును బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త ఆర్.ఐ. పోకాక్ 1899లో వర్ణించి, లోహపు మెరుపును సూచిస్తూ దానికి ‘పీసిలోథీరియా మెటాలికా’ అని నామకరణం చేశాడు. దాని నీలం రంగు వర్ణకం, అనగా రంగుపదార్థం, వల్ల వచ్చినది కాదు. వెంట్రుకలలోని అతిసూక్ష్మ నిర్మాణాలపై కాంతి పడి పరావర్తనం చెందడం వల్ల ఏర్పడినది.

శతాబ్దం తరువాత, 2001లో, నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మళ్లీ కనిపించిన ఈ చెట్టుతొర్రల నివాసి, అడవులు తరిగిపోవడంతో నేడు అంతరించే తీవ్ర ప్రమాదమున్న జాతుల జాబితాలో చేరింది.

వరంగల్ చెంతనున్న పాకాల అడవిలో ఆకు చాటున ఒదిగే చిన్న సాలీడుకైనా శాస్త్రంలో పేరు దక్కేది మొదట చెప్పిన పోలిక, ప్రచురణ, భద్రపరచడం అనే పద్ధతిలోనే. అయితే ఆ పేరు నిలవాలంటే ముందుగా ఆ ఆకు, ఆ అడవి నిలవాలి.