ట్రక్కు తగిలించే వేళ

మా వైపు ట్రక్కు అంటే లారీ కాదు. ట్రాక్టరు వెనక లాగే తొట్టిని బందరు, గుడివాడ, దివిసీమలలో ట్రక్కు అంటారు. లారీని లారీ అనే అంటారు. యీ సంగతి ముందే చెప్పకపోతే పై జిల్లాల పాఠకులు తికమకపడే ప్రమాదం వున్నది.

అసలు ప్రమాదం వేరే వుంది. మాసూళ్ళ రోజుల్లో పల్లెకు వెళ్ళినవారు యీ దృశ్యం చూసే వుంటారు. డ్రైవరు ట్రాక్టరును వెనక్కి నడుపుతూ వుంటాడు. పదహారేళ్ళ కుర్రాడొకడు ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య నిలబడి, ట్రక్కు ముక్కు చేత్తో పట్టుకొని, "రానీ, రానీ" అని కేకలు పెడుతూ వుంటాడు. ఆ "రానీ" వింటే నాకు గుండె ఝల్లుమంటుంది. క్లచ్చి మీద బురదకాలు జారిందంటే ఆ కుర్రాడికి తప్పుకునే చోటు వుండదు.

గుడివాడ దగ్గర మా బావమరిది యింట ముప్ఫై యేళ్ళుగా పనిచేస్తున్న డ్రైవరున్నాడు. ట్రక్కు తగిలించేటప్పుడు చుట్టూ చూసి, "అయ్యగారూ, మీరూ పిల్లలూ కాస్త యివతలికి రండి" అంటాడు. అందరూ కదిలేదాకా గేరు వెయ్యడు. జానెడు దూరంలో ఆపి, బ్రేకు బిగించి, ఇంజను కట్టేసి, అప్పుడు తనే దిగుతాడు. ట్రక్కు ముక్కును జాకీతో లేపుతాడు గాని, నలుగురిని పిలిచి "హైలెస్సా" అనడు. కన్నాలు రెండూ కలిశాయో లేదో వేలు పెట్టి చూడడు. కంటితో చూస్తాడు. ఆ కన్నాల్లో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వున్నారట.

పిన్ను దిగాక దాని అడుగున క్లిప్పు పెట్టాలి. క్లిప్పు ఖరీదు చాలా తక్కువ, అందుకే దాన్ని యెవరూ లెక్క చెయ్యరు. పోయిన పిన్నుకు బదులు యేదో బోల్టు, క్లిప్పుకు బదులు తీగముక్క! కాలువగట్టు మీద రెండు గుంతల్లో పడి లేచేసరికి పిన్ను పైకెగిరిందంటే, బస్తాలతో వున్న ట్రక్కు ఒక దారిన, ట్రాక్టరు ఒక దారిన. గట్టుకు ఒక పక్క కాలువ, రెండో పక్క బడినుంచి వచ్చే పిల్లల సైకిళ్ళు.

విప్పడం తేలికనుకుంటారు. నన్నడిగితే అదే కష్టం. రెండు చక్రాల ట్రక్కు త్రాసులాంటిది. ఇరుసుకు ముందు బరువుంటే ముక్కు కిందికి మొగ్గుతుంది, వెనక బరువుంటే పైకి లేస్తుంది. బస్తాలు ముందువైపునుంచి దించేసి, వెనకవి అలాగే వుంచి పిన్ను లాగారనుకోండి, ఇనప ముక్కు ఒక్కసారిగా పైకి లేచి లాగినవాడి గడ్డానికి తగులుతుంది. ముందే బరువుండి, కింద ఆనిక లేకపోతే పాదం మీద పడుతుంది. ఎద్దుబండి తోలిన పాతకాలంవాళ్ళకు యిది ఒకరు చెప్పవలసిన పని లేదు. నొగల కింద ఊతకర్ర పెట్టనిదే కాడి విప్పేవారు కాదు. ఎద్దులు పోయాయి, వాటితోపాటు ఊతకర్ర అలవాటూ పోయింది.

ట్రక్కు బురదలో దిగబడితే మరో పొరపాటు చేస్తారు. గొలుసును ట్రాక్టరు వెనక పైనున్న టాప్‌లింకుకు తగిలించి లాగుతారు. ముందు చక్రాలు గాలిలోకి లేచి ట్రాక్టరు వెనక్కి, డ్రైవరు మీదికే, తిరగబడుతుంది. రెప్పపాటు పని. గొలుసు యెప్పుడూ కింది కొక్కేనికే పడాలి.

ఇప్పుడు మా జాతీయ రహదారి మీద పెద్ద ట్రైలరు లారీలు కూడా తిరుగుతున్నాయి. 2023లో బందరు రేవు పనులు మొదలయ్యాయి గనుక వాటి సంగతీ తెలుసుకోవడం మంచిది. ముందున్న ఇంజను బండి వేరు, వెనక తొట్టి వేరు. యిలాంటి తొట్టిని 1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి తయారుచేశాడు. ఒక కలప వ్యాపారికి తన పడవను మోటారు వెనక తీసుకుపోవాలని కోరిక పుట్టిందట! రేవు పట్నం వాళ్ళం గనుక మనకు ఆ కోరిక అర్థమవుతుంది.

ఇంజను బండి మీద జిడ్డు పూసిన ఇనప పళ్ళెం వుంటుంది. పేరు ఫిఫ్త్ వీల్, అంటే అయిదో చక్రం. గుర్రపుబళ్ళనాటి పేరు. తొట్టి అడుగున రెండంగుళాల మందాన వున్న కింగ్‌పిన్ను దాని దవడల్లో యిరుక్కోవాలి. తొట్టి మరీ యెత్తుగా వుంటే పిన్ను పళ్ళెం మీదుగా పోయి క్యాబిన్‌ను గుద్దుతుంది. "టక్" మని చప్పుడైతే చాలదు. ముందుకు కాస్త లాగి చూడాలి, ఆపి టార్చిలైటుతో కిందికి దూరి దవడలు మూసుకున్నాయో లేదో చూడాలి. గాలి గొట్టాలు, కరెంటు తీగ తగిలించి, ఆ తరువాతే కాళ్ళు పైకెత్తాలి. విప్పేటప్పుడు చక్రాలకు అడ్డుకట్టెలు, తరువాత కాళ్ళు దించడం, ఆ తరువాత గొట్టాలు తియ్యడం, చిట్టచివరకు దవడ. గాలి బ్రేకులను నమ్మి అడ్డుకట్టెలు మానకూడదు. గాలి మెల్లగా కారిపోవచ్చు.

తిరిగే చోటు మాత్రం డెట్రాయిట్ కాదు. కృష్ణమ్మ తెచ్చి పోసిన నల్లరేగడి. ఎండల్లో బీటలు తీసి రాయిలా వుంటుంది, నాలుగు చినుకులు పడితే మొలలోతు దిగుతుంది. సాయంత్రం గట్టినేల మీద కాళ్ళు దించి వదిలిన తొట్టి, రాత్రి వాన పడితే తెల్లవారేసరికి ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు దాన్ని తగిలించబోవడమే అసలు గండం. మా బావమరిది డ్రైవరు ట్రక్కు జాకీ కింద వెడల్పాటి తాటిపట్టె వేస్తాడు, రెండోది తొట్టిలోనే పెట్టుకు తిరుగుతాడు. మొన్న వంటచెరుకు కోసం ఆ పట్టెను కొట్టబోయిన పనిమనిషి మీద అతను పెట్టిన కేక వీధి చివరికి వినిపించింది.