ఆటగాడి ధరకు సాక్ష్యం ఏది?

ఏడాదికి 20 లక్షల డాలర్లు చాలంది క్లబ్. 48 లక్షలు కావాలన్నాడు ఆటగాడు. 2023 జులై 30న ఈ తగవు ఒక మధ్యవర్తి ముందుకు వెళ్లింది. ఆగస్టు 1న తీర్పు వచ్చింది: 34 లక్షల 75 వేల డాలర్లు. ఆటగాడు జెరెమీ స్వేమన్, గోల్‌కీపర్ (హాకీ వాడుకలో గోలీ). క్లబ్ బోస్టన్ బ్రూయిన్స్. ఆట ఐస్ హాకీ.

మనకు హాకీ అనగానే గుర్తొచ్చేది టర్ఫ్ మీద ఆడే ఆట. అందులో ధర ఎలా తేలుతుందో కూడా మనవాళ్లకు తెలుసు. 2024 అక్టోబరులో జరిగిన హాకీ ఇండియా లీగ్ వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షల రూపాయలకు సూర్మా క్లబ్‌కు వెళ్లాడు. మన హైదరాబాద్ తూఫాన్స్ 68 లక్షలు పెట్టి గొంజాలో పెయాట్‌ను తెచ్చుకుంది. నలుగురు పోటీపడ్డారు, చివరి పాట పాడినవాడికి ఆటగాడు దక్కాడు. అక్కడ ఎవరూ ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. అమెరికా, కెనడాల్లో 32 జట్లతో నడిచే నేషనల్ హాకీ లీగ్‌లో మాత్రం కొందరు ఆటగాళ్ల విషయంలో పాట పాడేవాడే ఉండడు. వాళ్ల ధరను వాదించి నిరూపించాలి.

పాట ఎందుకు ఉండదు? ఆ లీగ్‌లో కుర్రవాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. అలాస్కాలోని యాంకరేజ్‌లో పుట్టిన స్వేమన్‌ను 2017లో నాలుగో రౌండులో, 111వ వంతులో బోస్టన్ ఎంచుకుంది. అప్పటినుంచి అతని మీద హక్కు బోస్టన్‌దే. మొదటి ఒప్పందం ముగిసినా ఆ హక్కు పోదు. నియమాల ప్రకారం కనీస ప్రతిపాదన ఒకటి ఇస్తే చాలు, అతను ఇంకా వాళ్ల మనిషే. వేరే క్లబ్ అతనికి ఎక్కువ జీతం ఆశ చూపవచ్చు గానీ, పాత క్లబ్ అదే జీతం ఇచ్చి ఆపుకోవచ్చు. ఆపుకోకపోతే కొత్త క్లబ్ తన రాబోయే ఎంపిక వంతుల్లో కొన్నిటిని వదులుకోవాలి. అందుకే అలాంటి ప్రయత్నాలు అరుదు. పూర్తి స్వేచ్ఛ సాధారణంగా 27 ఏళ్లు నిండాకో, ఏడు సీజన్లు ఆడాకో వస్తుంది. అప్పటిదాకా కొనేవాడు ఒక్కడే. కొనేవాడు ఒక్కడే అయినచోట ధర అతను చెప్పిందే అవుతుంది.

ఆ ఒక్కడి మాటకు అడ్డుకట్టే జీతాల మధ్యవర్తిత్వం. లీగూ ఆటగాళ్ల సంఘమూ కుదుర్చుకున్న ఒప్పందంలో ఇది ఒక అధ్యాయం. కొన్నేళ్ల అనుభవం ఉన్న ఆటగాడు దీన్ని కోరవచ్చు. 21వ ఏట సంతకం చేసిన స్వేమన్ లాంటివాడికి మూడేళ్లు చాలు. తీర్పు చెప్పేవారిని లీగూ సంఘమూ కలిసి ఎంచుకుంటాయి. వీళ్లు కార్మిక తగవులు తీర్చడంలో తలపండినవాళ్లు, హాకీ పండితులు కానక్కర్లేదు. ఇరుపక్షాలూ ముందుగా రాతపూర్వక వాదనలు ఇచ్చిపుచ్చుకుంటాయి. విచారణలో చెరో తొంభై నిమిషాలు. తర్వాత 48 గంటల్లో తీర్పు. ఆటగాడు కోరుకున్న కేసైతే, ఒప్పందం ఏడాదికా రెండేళ్లకా అన్నది క్లబ్ తేల్చుతుంది.

ఇక అసలు సంగతి. ఆ తొంభై నిమిషాల్లో ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అన్నదాన్ని బట్టే ధర తయారవుతుంది.

ఆటగాడి గణాంకాలు చెప్పవచ్చు. ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, గాయాలతో ఎన్ని పోగొట్టుకున్నాడు, జట్టు గెలుపోటముల్లో అతని పాలు ఎంత, క్లబ్‌లో ఎన్నాళ్లుగా ఉన్నాడు, నాయకత్వ గుణం ఉందా, జనాన్ని ఆకట్టుకుంటాడా అన్నవీ చెప్పవచ్చు. పత్రికలో వచ్చిన పొగడ్త చెల్లదు. వీడియో చెల్లదు. ఇది మంచి నియమమని నేను నమ్ముతాను. ఏ గోలీ అయినా సీజన్ మొత్తంలో పది అద్భుతాలు చేసే ఉంటాడు, వాటిని వరసగా తెరమీద వేస్తే ఎంత అనుభవజ్ఞుడి కళ్లయినా చెదురుతాయి. అంతకుముందు బేరాల్లో ఎవరు ఎంతకు దిగివచ్చారో చెప్పకూడదు. క్లబ్ తన ఖజానా ఖాళీ అనకూడదు. 2023-24 సీజన్‌కు ఒక్కో జట్టు మొత్తం జీతాల మీద 8 కోట్ల 35 లక్షల డాలర్ల పరిమితి ఉండేది. ‘ఆ పరిమితిలో మాకు చోటు లేదు’ అన్న వాదన కూడా చెల్లదు.

మరి చెల్లేవాటిలో బరువైనది ఏది? పోలిక. ఇలాంటి ఆటగాడికి ఇంకెక్కడ ఎంత ఇచ్చారు అన్నదే కేసుకు వెన్నెముక.

భూసేకరణలో పరిహారం కోసం కోర్టుకెక్కిన రైతు కుటుంబాలకు ఈ పద్ధతి కొత్త కాదు. ఎకరం విలువ ఎంత అన్నదానికి చుట్టుపక్కల అలాంటి భూమే ఎంతకు రిజిస్టరైందో చూస్తారు. రైతు తరఫు వకీలు రోడ్డు పక్క సర్వే నంబరు దస్తావేజు తెస్తాడు, ప్రభుత్వ వకీలు లోపలి మెట్ట చెలక దస్తావేజు తెస్తాడు. ఇద్దరివీ నిజమైన కాగితాలే. ఏది ‘అలాంటి భూమి’ అన్నదే తగవు. హాకీ మధ్యవర్తి ముందు జరిగేదీ ఇదే.

అయితే హాకీలో ఒక గట్టి కంచె ఉంది. పూర్తి స్వేచ్ఛ పొందిన ఆటగాడు బహిరంగంగా బేరమాడి కుదుర్చుకున్న ఒప్పందాన్ని పోలికకు తేకూడదు. తనలాగే ఒకే క్లబ్‌కు కట్టుబడి ఉన్నప్పుడు సంతకం చేసినవాళ్లతోనే పోల్చుకోవాలి. ఒకే స్థితిలో ఉన్నవాళ్లను ఒకే గాటన కట్టాలన్న తర్కం అర్థమవుతుంది. కానీ కట్టుబడ్డవాళ్ల జీతాలే కట్టుబడ్డవాళ్లకు కొలమానమైతే, ఆ జీతాలు అసలు సంత ధరకు ఎప్పుడూ చేరవు. ఈ ఏర్పాటులో ఆటగాడికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నియమమేనని నా అభిప్రాయం. క్లబ్‌లు ఈ విధానాన్ని ఇన్నేళ్లుగా భరించడానికి కూడా ఇదో పెద్ద కారణమనుకుంటాను.

స్వేమన్ కేసుకు వద్దాం. విచారణలో ఎవరు ఏమన్నారో పూర్తిగా బయటికి రాదు. కానీ అంకెలు అందరి ముందూ ఉన్నాయి. వాటితో రెండు వాదాలనూ మనమే కట్టి చూడవచ్చు.

ఆటగాడి వైపు నిలబడండి. 2022-23లో బోస్టన్ 82 మ్యాచ్‌ల్లో 65 గెలిచి, 135 పాయింట్లతో లీగ్ చరిత్రలోనే రికార్డు పెట్టింది. ఆ 65లో 24 గెలుపులు స్వేమన్ గోల్‌లో నిలబడ్డప్పుడు వచ్చినవి. అతను ఓడినవి ఆరు, నిర్ణీత సమయం దాటాక పోయినవి నాలుగు. మీదికొచ్చిన ప్రతి వంద షాట్లలో 92 ఆపాడు. మ్యాచ్‌కు సగటున 2.27 గోల్సే ఇచ్చాడు. అతి తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోలీలకు దక్కే జెన్నింగ్స్ ట్రోఫీని సహచరుడు లైనస్ ఉల్‌మార్క్‌తో పంచుకున్నాడు. ఇంకేం కావాలి?

ఇప్పుడు క్లబ్ వైపుకు రండి. స్వేమన్ ఆడింది 37 మ్యాచ్‌లు, సీజన్‌లో సగం కూడా కాదు. అసలు భారం మోసింది ఉల్‌మార్క్. అతను 40 గెలుపులతో, వందకు 93.8 షాట్లు ఆపి, ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ గెలిచాడు. ఇద్దరి ముందూ నిలబడ్డది ఒకే రక్షణ దళం. అంత గట్టి దళం వెనక నిలబడితే ఏ గోలీ అంకెలైనా మెరుస్తాయి. లీగ్‌లో స్వేమన్ మొత్తం అనుభవం మూడు సీజన్లలో 88 మ్యాచ్‌లు. ఇతను ముఖ్య గోలీ అని ఇంకా రుజువు కాలేదు, రెండో గోలీకి ముఖ్య గోలీ జీతం ఎందుకు?

రెండు వాదాల్లోనూ అబద్ధం లేదు. మధ్యవర్తికి తలనొప్పి అక్కడే. అప్పుడు అతన్ని ఆదుకునేది దస్తావేజే. స్వేమన్ తీర్పుకు తొమ్మిది రోజుల ముందే, జులై 23న, అలాంటిదొకటి పుట్టింది. టొరంటో గోలీ ఇల్యా సామ్సొనోవ్ 49 లక్షలు అడిగితే క్లబ్ 24 లక్షలంది, తీర్పు 35 లక్షల 50 వేలని వచ్చింది. అతను 42 మ్యాచ్‌ల్లో 27 గెలిచాడు, వందకు 91.9 ఆపాడు. స్వేమన్‌తో పక్కపక్కన పెడితే అంకెల్లో అన్నదమ్ముల్లా ఉంటారు. సామ్సొనోవ్ కొంచెం ఎక్కువ ఆడాడు, అనుభవమూ ఎక్కువే. జీతంలో తేడా 75 వేల డాలర్లు. అదే వేసవిలో మిన్నెసోటా గోలీ ఫిలిప్ గుస్తావ్సన్ విచారణ దాకా వెళ్లకుండానే ఏడాదికి 37 లక్షల 50 వేల చొప్పున మూడేళ్లకు సంతకం పెట్టాడు. ముగ్గురూ ఒకే ఇరుకైన గీతల మధ్య ఆగారు. ఆ గీతలను గీసింది ఆ ముగ్గురి ప్రతిభ ఒక్కటే కాదు. వాళ్లకు ముందు అదే స్థితిలో సంతకం పెట్టిన గోలీల వరస కూడా వాటిని గీసింది.

మధ్యవర్తి రెండు అంకెలనూ కూడి రెండుతో భాగిస్తాడని చాలామంది అంటుంటారు. స్వేమన్ విషయంలో సగం 34 లక్షలు, వచ్చింది 34 లక్షల 75 వేలు. విన్నిపెగ్ డిఫెన్స్‌మన్ జేకబ్ ట్రూబా 2018లో 70 లక్షలు అడిగాడు, క్లబ్ 40 లక్షలంది, తీర్పు సరిగ్గా 55 లక్షలు. చూస్తే నిజమేననిపిస్తుంది. కానీ 2011లో నాష్‌విల్ కెప్టెన్ షే వెబర్ కేసు చూడండి. క్లబ్ 47 లక్షల 50 వేలంది, అతను 85 లక్షలన్నాడు. సగం 66 లక్షల పైచిలుకు. తీర్పు మాత్రం 75 లక్షలు. క్లబ్ చెప్పిన అంకె మరీ కిందికి పోతే మధ్యవర్తి దాన్ని పక్కన పెడతాడని దీని అర్థం. అమెరికన్ బేస్‌బాల్‌లో మధ్యవర్తులు రెండు అంకెల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. హాకీలో అలాంటి బంధనం లేదు, రెండిటి మధ్య ఏ అంకైనా రాయవచ్చు. అందుకే రెండు పక్షాలకూ తమ అంకెను వీలైనంత దూరంగా నిలపాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశ మితిమీరినవాడు వాదన మొదలుకాకముందే ఓడినట్టే.

డబ్బుకు అందని నష్టం ఇంకొకటి ఉంది. క్లబ్ గెలవాలంటే తన ఆటగాడే అంత గొప్పవాడు కాదని, అతను వింటుండగా నిరూపించాలి. 1994 ఒలింపిక్ ఫైనల్లో పెనాల్టీ షాట్ల పోటీలో చివరి షాట్ ఆపి స్వీడన్‌కు స్వర్ణం తెచ్చిన టామీ సాలో, 1997లో న్యూయార్క్ ఐలాండర్స్ అధికారి మైక్ మిల్‌బరీ చేసిన విమర్శలు విని కన్నీళ్లు పెట్టుకున్నాడన్న కథనం ఇప్పటికీ హాకీ లోకంలో చెప్పుకుంటారు. స్వేమన్ కూడా ఇలాంటి అనుభవం మళ్లీ వద్దని, స్నేహితులకూ సహచరులకూ రాకూడదని తర్వాత అన్నాడు. విచారణలో తన లోపాలు ఏకరువు పెట్టిన వాళ్ల కోసమే అతను మరికొన్ని వారాల్లో శిక్షణ శిబిరానికి వెళ్లాలి.

ఈ భయమే చాలా కేసులను తీర్పు దాకా రానివ్వదు. 2023లో ఇరవైమందికి పైగా ఆటగాళ్లు అర్జీ పెట్టుకుంటే, తీర్పు దాకా వెళ్లింది ముగ్గురే. అనాహైమ్ ఆటగాడు ట్రాయ్ టెరీ 80 లక్షలు అడిగాడు, క్లబ్ 45 లక్షలంది, విచారణ మొదలయ్యేలోపు ఇద్దరూ ఏడేళ్లకు 4 కోట్ల 90 లక్షల దగ్గర రాజీపడ్డారు. 2014లో పీకే సబ్బన్, మాంట్రియల్ క్లబ్ విచారణ పూర్తయ్యాక, తీర్పు రాకముందే, ఎనిమిదేళ్లకు 7 కోట్ల 20 లక్షలకు చేతులు కలిపారు. ఆ తర్వాత నియమం బిగించారు. ఇప్పుడు విచారణ మొదలైతే రాజీకి దారి లేదు.

తీర్పు వచ్చినా క్లబ్‌కు ఒక వెసులుబాటు మిగులుతుంది. ఆటగాడు తెచ్చిన కేసులో తీర్పు ఒక హద్దు దాటితే, క్లబ్ ఆ జీతం ఇవ్వనని అతన్ని వదిలేయవచ్చు. ఇటీవలి ఏళ్లలో ఆ హద్దు 45 లక్షల డాలర్ల పైనే ఉంది కాబట్టి స్వేమన్ విషయంలో బోస్టన్‌కు ఆ దారి లేదు. 2010లో హద్దు చాలా తక్కువ, అందుకే షికాగోకు ఆ దారి దొరికింది. లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిపించిన గోలీ ఆంటీ నియెమీకి 27 లక్షల 50 వేల తీర్పు వస్తే, జీతాల పరిమితికి చేరువలో ఉన్న షికాగో అతన్ని వదిలేసింది. సాన్ హోసే అతన్ని 20 లక్షలకే తీసుకుంది. కేసు గెలిచిన మనిషికి చేతికొచ్చింది తీర్పు కంటే తక్కువ.

ఇన్ని లోపాలున్నా నేను ఈ విధానం పక్షమే. వేలంలో ఆటగాడికి ధర వస్తుంది గానీ, ఎందుకంత అన్న జవాబు రాదు. ఒకే కొనుగోలుదారు ఉన్న చోట, ‘నీ అంకెకు ఆధారం చూపించు’ అని ఆ కొనుగోలుదారును అడిగే మూడో మనిషి ఉండటం చిన్న రక్షణ కాదు. బహిరంగ బేరాల ఒప్పందాలను కూడా, తక్కువ బరువుతోనైనా, పోలికకు ఒప్పుకుంటే ఆ రక్షణ పూర్తవుతుంది.

2024 వేసవిలో స్వేమన్‌కు మళ్లీ మధ్యవర్తి దగ్గరకు వెళ్లే హక్కు వచ్చింది. అతను వెళ్లలేదు. అప్పటికి బోస్టన్ ఉల్‌మార్క్‌ను ఒటావాకు పంపేసింది, ముఖ్య గోలీ ఎవరన్న ప్రశ్నే మిగల్లేదు. స్వేమన్ సంతకం పెట్టకుండా శిక్షణ శిబిరానికి దూరంగా ఉండిపోయాడు. అక్టోబరు 6న, సీజన్ మొదటి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు, బోస్టన్ అతనితో ఎనిమిదేళ్లకు 6 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఏడాదికి 82 లక్షల 50 వేలు.