ఇంటి నేలలో చెమ్మ: ఈ నీరు ఎక్కడిది?

మన వైపు ‘స్లాబు’ అంటే ఇంటి పైకప్పు. అమెరికాలో ఆ మాటకు మరో అర్థం ఉంది. నేలను చదును చేసి, కంకర పరచి, దానిమీద సుమారు నాలుగు అంగుళాల మందాన పోసిన కాంక్రీటు పలకను ఇక్కడ స్లాబు అంటారు. పిస్కాటవేలో మేము నివసించే ఇంట్లో కింది గది అటువంటి పలకమీదే ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఆగస్టు నెలలో ఆ గదిలోని తివాచీ అంచు కాలికి తడిగా తగిలింది. ఎత్తి చూస్తే కాంక్రీటు నల్లబడి, గోడవారగా తెల్లని పొడి పేరుకొని ఉంది. కొద్దిరోజులకే బూజు వాసన మొదలైంది. ఆ గదిలో పడుకునే మా అమ్మాయికి ఉబ్బసం ఉన్నందున మాకు ఆందోళన కలిగింది. విచిత్రమేమంటే, ఏప్రిల్ వానలలో పొడిగా ఉన్న నేల వానలు లేని ఆగస్టులో తడిసింది! చూడవచ్చిన కాంట్రాక్టరు నేలంతటికీ ఎపాక్సీ పూత వేయాలని, కొన్ని వేల డాలర్లు ఖర్చవుతుందని చెప్పాడు. నీరు ఎక్కడిదన్న ప్రశ్నకు మాత్రం ఆయన వద్ద సమాధానం లేదు. ఆ ప్రశ్నకు సమాధానం దొరికేవరకు పూత వేయించకూడదని నిశ్చయించుకున్నాను.

కాంక్రీటు స్వభావం

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా, నిజానికి అది అతి సన్నని రంధ్రాలున్న స్పంజి వంటిది. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ ఇంగ్లండులో పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు ‘ఎండి’ గట్టిపడదు. నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. దీనినే ఆర్ద్రీకరణం అంటారు. నూరు కిలోల సిమెంటుతో రసాయనికంగా కలిసే నీరు 25 కిలోలకు మించదు. కాని కలిపి పోయడానికి వీలుగా ఉండాలని దాదాపు రెట్టింపు నీరు పోస్తారు. ఆ మిగులు నీరు ఆక్రమించిన స్థలమే తరువాత సూక్ష్మరంధ్రాల జాలంగా మిగులుతుంది.

ప్రమిదలోని నూనె వత్తి వెంట పైకి పాకడం మనకు తెలిసిందే. కాంక్రీటులోను, మట్టిలోను నీరు పైకెక్కేది అదే సూత్రంతో. రంధ్రం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు పోతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల గొట్టంలో నీరు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కితే, అందులో వెయ్యో వంతు వ్యాసార్ధం గల రంధ్రంలో, సిద్ధాంతరీత్యా, 15 మీటర్లు ఎక్కగలదు. అందుకే పలక కింద లావు కంకర, దానిపైన పాలిథీన్ పొర పరుస్తారు. కంకర మధ్య ఖాళీలు పెద్దవి కనుక వత్తి అక్కడ తెగిపోతుంది. పాలిథీన్ పొర నీటి ఆవిరిని ఆపుతుంది. పాత ఇళ్ళలో ఈ పొర లేకపోవచ్చు, ఉన్నా చిరిగి ఉండవచ్చు.

నీటికి నాలుగు దారులు

మొదటిది, కాంక్రీటు పోసినప్పటి మిగులు నీరు. అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని ఒక మోటు లెక్క. పాత ఇళ్ళకు ఇది వర్తించదు. రెండవది, మట్టిలోని నీరు. మూడవది, నేలలో పూడ్చిన గొట్టాల కారుడు. నాలుగవది, గదిలోని గాలి. గాలి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, 70 శాతం సాపేక్ష ఆర్ద్రతతో ఉంటే, 24 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ తలంమీదనైనా నీటి బిందువులు ఏర్పడతాయి. వేసవిలో చన్నీళ్ళ గ్లాసు చెమర్చేది ఇందుకే.

ఆగస్టు ఉక్కను చూసి, మా ఇంటి దోషి గాలేనని తీర్మానించి, తేమను తీసే యంత్రం కొని పెట్టాను. పది రోజులు నడిచినా నేల ఆరలేదు. ప్రయోగం చేయకుండా తీర్పు చెప్పినందుకు సిగ్గుపడి, పరీక్షలకు పూనుకున్నాను.

ఇంట్లో చేయదగిన పరీక్షలు

తివాచీ తొలగించి, 18 అంగుళాల చదరపు పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నాలుగంచులా టేపుతో నేలకు అతికించి, కనీసం 16 గంటలు ఉంచాలి. ముక్క పైభాగం చెమరిస్తే నీరు గాలిది. అడుగుభాగం చెమర్చినా, కింది కాంక్రీటు నల్లబడినా నీరు నేలది. ఏమీ కనిపించనంత మాత్రాన నేల పూర్తిగా పొడిదని అనుకోరాదు. ఖచ్చితమైన కొలత కావాలంటే నిపుణులు పలక మందంలో 40 శాతం లోతుకు రంధ్రం చేసి, అందులోని సాపేక్ష ఆర్ద్రతను కొలుస్తారు.

గొట్టాల సంగతి తేల్చడం సులభం. ఇంటిలోని కొళాయిలన్నీ కట్టి, రెండు గంటలపాటు నీటి మీటరును గమనించాలి. ముల్లు కదిలితే ఎక్కడో నీరు కారుతున్నట్లే.

తెల్లని పొడిని కూడా పరీక్షించవచ్చు. అది నీటితోపాటు పైకి వచ్చి, నీరు ఆవిరైనాక మిగిలిన లవణం. మన ఊళ్ళలో గోడలకు పట్టే చౌడుకు బంధువే. వెనిగరు చుక్క వేస్తే పొంగినట్లయితే అది కాల్షియం కార్బొనేటు. సిమెంటులోని సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసినందువల్ల ఏర్పడుతుంది. ఈ పొడి కాంక్రీటులోంచి నీరు ప్రయాణించిందనడానికి సాక్ష్యం.

మా ఇంటి దోషి

మా మీటరు ముల్లు కదలలేదు. పొడి పొంగింది. మూడుచోట్ల అతికించిన ముక్కలలో, వెలుపలి గోడ పక్కనున్నదాని అడుగున నీళ్ళు నిలిచాయి. గది మధ్యలోనిది కొద్దిగా చెమర్చింది. అవతలి గోడ దగ్గరిది పొడిగా ఉంది. అంటే నీరు ఆ ఒక్క గోడ వైపునుంచే వస్తున్నది. బయటకు వెళ్ళి చూశాను. అక్కడ మా నాన్నగారి గోంగూర మడి ఉంది.

ఆయన మే నెలలో వచ్చి, గోడను ఆనుకొని మన్ను ఎత్తుగా పోసి మడి కట్టి, ప్రతి సాయంత్రం గొట్టంతో నిండుగా తడిపేవారు. పిస్కాటవే అడుగున ఉన్నది ‘పసేయిక్’ శిలాస్తరానికి చెందిన ఎర్రని షేల్ రాయి. దానిమీది జిగటమన్ను నీటిని త్వరగా కిందికి పోనివ్వదు. దిగడానికి దారిలేని నీరు పక్కకు, పలక కిందికి పాకింది. వానలేని ఆగస్టులో నేల తడవడానికి కారణం అదే: వాన లేదు కనుకనే మేము రోజూ నీళ్ళు పోశాము!

సంగతి చెప్పడానికి సంకోచించాను. నాన్నగారు విని, “మన ఊళ్ళో గోడ పక్కన మడి కట్టనిచ్చేవాణ్ణా? ఇక్కడిది చెక్క గోడ కదా అని ఊరుకున్నాను” అన్నారు. ఆలోచిస్తే, చూరు ముందుకు దించి, గోడ చుట్టూ అరుగు కట్టిన మన పెద్దలు చేసింది కూడా గోడ మొదట్లో నీరు నిలవకుండా చూడటమే.

నివారణ

మడిని పెరటి చివరకు మార్చాము. ఇంటినుంచి మొదటి పది అడుగులలో నేల ఆరంగుళాలు దిగేటట్లు మన్ను వాలుగా సర్దాము. చూరునీటి గొట్టం చివరను ఇంటికి దూరంగా పొడిగించాము. తడిసిన తివాచీని పారవేసి, గదిలో ఆర్ద్రత 50 శాతం దాటకుండా చూశాము. మూడు వారాలకు నలుపు తగ్గసాగింది. శీతకాలం వచ్చేసరికి పరీక్ష ముక్క అడుగు పొడిగా ఉంది.

నీరు వస్తుండగానే పూత వేసి ఉంటే ఏమయ్యేది? కాంక్రీటు రంధ్రాలలోని నీరు తీవ్రమైన క్షారం, దాని పి.హెచ్. 12కు పైనే. అది అనేక జిగురులను క్రమంగా పాడుచేస్తుంది. కింది తేమ ఒత్తిడికి పూత బొబ్బలెక్కి ఊడిపోవచ్చు. పూతలు పనికిరావని కాదు. బయటి నీటిని మళ్ళించిన తరువాత కూడా చెమ్మ మిగిలితే అప్పుడు వాటి అవసరం వస్తుంది. 1999లో ఫ్లాయిడ్, 2021లో ఐడా తుపానులప్పుడు రారిటన్ నది పొంగినట్లు వరద వచ్చి ఇంట్లో నీళ్ళు చేరితే, అది వేరే చికిత్స కోరే సమస్య.

మీ ఇంటి నేల తడిసినప్పుడు ముందుగా కావలసినవి ఒక ప్లాస్టిక్ ముక్క, కొంచెం టేపు, ఒక రోజు ఓపిక. చెక్కు రాయడం ఆ తరువాత. మా గోంగూర పెరటి చివర ఇంకా బాగా కాస్తున్నది.