పేట సంఘము – పట్టణ ప్రణాళిక

పేట సంఘమనగా మురుగుకాలువ బాగుచేయుడని అర్జీలు పెట్టుకొను సభయని మనలో పెక్కురి తలంపు. అదియు కావలసినదే. కాని పేటకు అసలు ఆపద పటముపై గీచిన గీతలో నుండును. ఆ గీత రేపు వెడల్పాటి రహదారియై మన గడపల మీదుగా పోవచ్చును.

1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, ఆపైన జనాభాగల పురపాలికలలో వార్డు కమిటీలుండవలెనన్నది. అంతకు మునుపే, 1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టము ప్రణాళికను ఖాయపరచక ముందు ముసాయిదాను ప్రకటించి, ప్రజల ఆక్షేపణలను, సూచనలను కోరవలెనని విధించినది. సంఘము మెలకువతో నుండవలసినది ఆ గడువులోనే. ముసాయిదా పటమును తెచ్చి, సర్వే నంబరులను ఇంటి నంబరులతో సరిచూచి, అద్దెకున్నవారికిని, స్త్రీలకును చదివి వినిపించవలెను. మన సభలలో తరచు కానరానివారు వీరే గదా! పిమ్మట ఆక్షేపణను వ్రాతపూర్వకముగా నిచ్చి, తేదీ వేసిన రసీదు పుచ్చుకొనవలెను.