కాలేయ వ్యాధి – రక్తం గడ్డకట్టకపోవడం

కాలేయం బాగా చెడి, పొట్టలో నీరు చేరిన రోగుల బంధువులు రక్తపరీక్ష కాగితాలు తెచ్చి నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఐ.ఎన్.ఆర్. 1 దగ్గర ఉండవలసింది 2 దాటింది. ప్లాస్మా ఎక్కించమని అడగాలా? ఏదైనా కషాయం ఉన్నదా?" ఈ ఆదుర్దా సహజమే. కాని రక్తస్రావం లేనపుడు కేవలం ఆ అంకెను సరిచేయబోతే రోగికి మేలుకంటె కీడే ఎక్కువ జరుగవచ్చు.

రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలలో అధికభాగం కాలేయంలోనే తయారవుతాయి. గడ్డ మితిమీరకుండా అదుపు చేసే ప్రొటీన్ సి, యాంటీత్రాంబిన్ వంటివి కూడా అక్కడే పుడతాయి. కాలేయం క్షీణిస్తే రెండూ తగ్గుతాయి. తక్కెడలో రెండు పళ్లెముల నుండీ బరువు తీసినట్లన్నమాట. ముల్లు మధ్యనే నిలిచినా, కొద్దిపాటి ఒత్తిడికే ఏదో ఒక వైపు ఒరిగిపోతుంది. వార్ఫరిన్ మందు వాడేవారి కోసం ఏర్పడిన ఐ.ఎన్.ఆర్. ఒక పళ్లెమును మాత్రమే చూపుతుంది. అందువల్లనే ఆ అంకె పెరిగిన రోగులలో సైతం, పేగుల నుండి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో గడ్డలు ఏర్పడుతుంటాయి.

ప్లాస్మాతో చిక్కేమిటి?

60 కిలోల మనిషికి సాధారణంగా ఒక విడతలో 600 నుండి 900 మి.లీ. ప్లాస్మా పడుతుంది. ఫలితం కొద్ది గంటలే. కాని ఆ ద్రవం వల్ల పోర్టల్ సిరలో పీడనం పెరుగుతుంది. నిండిన చెరువుకు మరింత నీరు వదిలితే గట్టు తెగినట్లు, అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లవచ్చు. ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. ఉబ్బిన సిరల నుండి రక్తం పోతున్నపుడు సైతం ప్లాస్మాను గాని, ట్రానెక్సామిక్ యాసిడ్‌ను గాని సిఫారసు చేయరాదని 2021లో జరిగిన బవేనో నిపుణుల సదస్సు నిర్ణయించినది. పొట్టలోని నీరు తీసే ముందు కూడా ప్లాస్మా అందరికీ అవసరం లేదు.

విటమిన్ కె లోపం ఉన్నవారికి ఆ ఇంజెక్షన్ ఉపకరిస్తుంది. కాలేయమే చెడినపుడు మాత్రం, ఆరిన పొయ్యి మీద ఎసరు పెట్టినట్లే.

ఇంటిలో పాటించవలసినవి

ఆస్పిరిన్ మొదలైన నొప్పి మాత్రలు సొంతంగా వాడరాదు. రక్తపిత్తానికి చెప్పిన అడ్డసరం వంటి మూలికలపై ఆధారపడి కాలయాపన చేయరాదు. రక్తపు వాంతి, తారువలె నల్లని విరేచనం, మగత కనిపించిన వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఎండోస్కోపీ ద్వారా సిరకు బ్యాండు వేయడం, పీడనం తగ్గించే మందులు, యాంటీబయాటిక్‌లు అక్కడ ప్రాణం నిలుపుతాయి.

ప్లాస్మా ఎక్కించాలా వద్దా అన్నది వైద్యులు నిర్ణయించవలసిన విషయం. బంధువులు ఐ.ఎన్.ఆర్. ఎంత అని కాక, రక్తస్రావం ఉన్నదా, ఎక్కడ నుండి అని అడగడం మంచిది.